పదకొండు గదుల హోటల్లో రజిని

డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన తెలుగువాళ్ళు ఎవరు కారు వేసుకుని ఊరు దాటాలన్నా ముందు వేణుమాధవ్‌కి ఫోన్ చేసేవారు. నయాగరాకి ఏ దారిన వెళ్ళాలి, స్మోకీ మౌంటెన్స్‌కి ఏ ఎగ్జిట్ దగ్గర దిగాలి, ఓర్లాండో దారిలో ఏ హోటల్లో పొద్దున్నే వాఫుల్ మెషీన్ ఉంటుంది, ఏ హోటల్లో ఉత్త బ్రెడ్డూ జామూ పడేసి చేతులు దులుపుకుంటారు, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు.

ఆయనది కొవ్వూరు. కాకినాడలో మెకానికల్ చదివి, డెట్రాయిట్‌లో ఎమ్మెస్ చేసి, కార్ల తలుపులకి లాచ్‌లు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్‌గా చేరి ఇరవై నాలుగేళ్ళయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలుపులు తీసి వేసి, వేసి తీసి, ఎక్కడ తేడా ఉందో రాసి సంతకం పెట్టడం ఆయన పని. తప్పు పట్టినందుకు జీతం వచ్చే ఉద్యోగం చేసినవాడికి లోకమంతా అలాగే కనిపిస్తుంది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా "బాగున్నారా" అనడానికి ముందు వాళ్ళ వీధి తలుపు ఒకసారి మూసి, ఆ చప్పుడు విని, అప్పుడు చెప్పులు విప్పేవాడు.

హోటళ్ళ విషయంలో ఆయనకొక సిద్ధాంతం ఉండేది. హోటలన్నది తల వాల్చడానికి. తక్కినవన్నీ ఫ్రీగా రావాలి. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్, కాఫీ మెషీన్, ఇస్త్రీ పెట్టె, బయట వరండాలో ఐసు మెషీన్ ఉండి తీరాలి. ఐసుతో వాళ్ళకి ఏనాడూ పని పడలేదు. అయినా సరే, ఉండాలి. ఇద్దరికని తీసుకున్న గదిలో రెండు కుటుంబాలు పడుకోవాలి. పిల్లలు ఫ్రంట్ డెస్క్ ముందునుంచి ఒకేసారి కాకుండా ఇద్దరిద్దరుగా, మధ్యలో కాస్త ఎడం ఇచ్చి, ఎవరో ఎరగనట్టు నడిచి రావాలి. పొద్దున బ్రేక్‌ఫాస్ట్‌కి వెళ్ళినవాళ్ళు ఖాళీ చేతులతో వెనక్కి రాకూడదు. అరటిపళ్ళు, పెరుగు కప్పులు, ఉడికిన గుడ్లు మధ్యాహ్నానికి అక్కరకొస్తాయి.

ఆ ప్రయాణాలన్నిటిలోనూ ఆయన భార్య రజిని ఉంది. ఎక్కడ ఉందంటే, బాత్రూంలో ఉంది. రైస్ కుక్కర్‌కి అందే ప్లగ్గు అక్కడే కదా. యెల్లోస్టోన్‌లో నేల చీల్చుకుని వేడినీళ్ళు తాటిచెట్టంత ఎత్తుకి చిమ్మితే అందరూ కేకలేశారు. రజిని ఆ సమయానికి కారు వెనకాల పులిహోర ప్లేట్లలో సర్దుతోంది. "చూశావా?" అని అడిగితే "ఆఁ, చప్పుడు విన్నా" అంది. మిగతా రోజుల్లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఫ్రంట్ డెస్క్‌లో కూర్చుంటుంది. నెమ్మదస్తురాలు. ఇరవై ఐదేళ్ళ కాపురంలో ఆవిడ గొంతు పెరిగిందని చెప్పినవాళ్ళు లేరు.

ఆ ఇరవై ఐదేళ్ళే పీకల మీదికి తెచ్చాయి. కూతురు నైనిక చికాగోలో ఉద్యోగం చేస్తుంది. వెడ్డింగ్ యానివర్సరీకి అమ్మానాన్నల్ని ఫ్రాన్సులో నీస్ అనే సముద్రపు ఊరికి ఆరు రోజులు పంపాలని టికెట్లూ హోటలూ బుక్ చేసేసింది.

"బొటీక్ హోటల్, నాన్నా. ఇలెవెన్ రూమ్స్ ఓన్లీ."

"పదకొండేనా? మిగతావి రిపేర్‌లో ఉన్నాయా?"

"నో నాన్నా! చిన్నగా ఉండటమే పాయింట్."

ఈ వార్త శనివారం తలా ఒక వంటకం తెచ్చుకుని బేస్‌మెంట్‌లో చేసే పాట్‌లక్‌లో బయటపడింది. తెలుగు అసోసియేషన్‌కి రెండుసార్లు ప్రెసిడెంట్‌గా చేసి, మూడోసారి దిగిపోయినా ఆ హోదా మాత్రం దిగనివ్వని ఉమామహేశ్వరరావు గారు ప్లేటు పట్టుకుని ఫక్కున నవ్వారు.

"నీసా? ఊరి పేరే నీసేంటయ్యా! శ్రావణమాసంలో వెళ్ళకండి."

బేస్‌మెంటంతా నవ్వింది. వేణుమాధవ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే మనసులో మాత్రం, ఐసు మెషీన్ ఉంటుందో లేదో కనుక్కోవాలనుకున్నాడు.

ప్రయాణం రోజున నైనిక చికాగో నుంచి వచ్చి, సూట్‌కేస్ తెరిచి, రైస్ కుక్కర్ బయటికి తీసి అటకెక్కించింది. తండ్రి లబలబలాడాడు. తల్లి కుక్కర్ ఖాళీ చేసిన చోట రెండు చీరలు మడిచి పెట్టుకుంది.

నీస్‌లో టాక్సీ దిగాక హోటల్ కనిపించలేదు. ఎదురుగానే ఉంది, అయినా ఆయన కంటికి హోటల్లా ఆనలేదు. పార్కింగ్ లాట్ లేదు, పెద్ద బోర్డు లేదు. పసుపు గోడ, ఆకుపచ్చ కిటికీలు, పక్కన చెప్పులు కుట్టే కొట్టు. యజమానురాలు ఓడిల్ డెబ్బై ఏళ్ళ మనిషి, బక్కగా, కళ్ళజోడు మెళ్ళో వేలాడేసుకుని ఎదురొచ్చింది. లిఫ్టు ఎంతుందంటే, వేణుమాధవ్ ఎక్కితే సూట్‌కేస్ ఎక్కలేదు, సూట్‌కేస్ ఎక్కితే ఆయన ఎక్కలేదు. సూట్‌కేస్ లిఫ్టులో వెళ్ళింది. ఆయన మెట్లెక్కాడు.

గదులకి నంబర్లు లేవు, పళ్ళ పేర్లు. వీళ్ళకిచ్చింది అంజూర గది. లోపలికి వెళ్ళగానే ఆయన అలవాటు ప్రకారం అల్మరాలూ సొరుగులూ తీసి చూశాడు. ఫ్రిజ్ లేదు. మైక్రోవేవ్ లేదు. కాఫీ మెషీన్, ఇస్త్రీ పెట్టె, టీవీ, ఏవీ లేవు. మంచం, కుర్చీ, ఒక కిటికీ. రజిని కిటికీ రెక్కలు తోసింది. రెండు ఇళ్ళ మధ్య చెయ్యెడల్పు సందులోంచి నీలంగా సముద్రం కనిపించింది.

"సీ వ్యూ అన్నారు. ఇదేనా సీ వ్యూ? దీన్ని పది పర్సెంట్ వ్యూ అంటారు" అన్నాడాయన.

రజిని ఆ పది పర్సెంటూ చూస్తోంది.

కిందికి దిగి వేణుమాధవ్ ఓడిల్‌ని ఇంగ్లీషులో అడిగాడు, బ్రేక్‌ఫాస్ట్ ఎన్నింటిదాకా అని. అమెరికాలో అది జీవన్మరణ సమస్య. తొమ్మిదిన్నర దాటితే వాఫుల్ మెషీన్‌కి తాళం పడుతుంది. ఓడిల్‌కి ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి అడిగితే, "మీరు తినడం అయ్యేదాకా" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ జవాబు ఆయనకి ఏమాత్రం నచ్చలేదు. నిబంధన లేని చోట లాభపడటం ఎలాగో ఆయనకి తెలీదు.

మర్నాడు పొద్దున క్రోసాంట్ రొట్టెలు, వెన్న, ఓడిల్ చేత్తో చేసిన ఆప్రికాట్ జామ్, గిన్నెలో కాఫీ వచ్చాయి. వేణుమాధవ్ ఏడు నిమిషాల్లో ముగించి, రెండు క్రోసాంట్లు నాప్‌కిన్‌లో చుట్టి జేబులో పెట్టబోతుంటే ఓడిల్ చూసింది. ఆయన గతుక్కుమన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక కాగితం సంచీ, మరో మూడు క్రోసాంట్లు తెచ్చి చేతిలో పెట్టింది. దొంగతనం చెయ్యనివ్వకుండా దానం చేస్తే మనిషికి ఎంత అవమానమో ఆయనకి ఆ పూట తెలిసింది.

రజిని ఆ గిన్నెడు కాఫీ ముందు గంటన్నర కూర్చుంది. ఎవరో వండారు, ఎవరో తెచ్చారు, తిన్నాక ఎవరో తీసుకెళ్ళారు. మధ్యలో రెండుసార్లు లేచి ప్లేట్లు ఎత్తబోయింది. ఓడిల్ ఆవిడ భుజం మీద చెయ్యేసి మళ్ళీ కూర్చోబెట్టింది. మూడోసారి రజిని లేవలేదు.

ఇక చూడదగ్గవి చూడాలని వేణుమాధవ్ ఫోన్‌లో ఇరవై రెండు స్థలాల లిస్టు తయారుచేసుకున్నాడు. మొదటి రోజు ఆరు చూశారు. రెండో రోజు రజిని బీచ్‌లో ఆగిపోయింది. ఇసుక లేదు, అన్నీ గులకరాళ్ళు. "ఇదేం బీచ్, కాళ్ళు కోసుకుపోతున్నాయి, మన మచిలీపట్నం నయం" అని ఆయన గొణుక్కుంటుంటే ఆవిడ సల్వార్ మోకాళ్ళ పైకి మడిచి నీళ్ళలోకి దిగింది. పిలిస్తే వినపడనంత దూరం కాదు. అయినా వినపడలేదు.

చూడాల్సినవి చూడనివ్వని భార్యతో ఏం చెయ్యాలో తోచక ఆయన హోటల్ మీద పడ్డాడు. ఆడిట్ మొదలుపెట్టాడు. అంజూర గది తలుపు మూసేటప్పుడు కీచుమంటోంది. మూడో మెట్టు మిగతావాటికన్నా వేలెడు తక్కువ ఎత్తు. షవర్ గొట్టం ఎడమకి తిరిగి ఉంది. వరండాలో గడియారం ఇరవై నిమిషాలు వెనక. ఒక్కోదానికీ ఫోటో తీసి, కారణం రాసి, సరిచెయ్యడం ఎలాగో రాసి, ముప్ఫై ఒక్క లోపాలతో తొమ్మిది పేజీల రిపోర్టు తయారుచేశాడు. రాసినంతసేపూ ఆయనకి సెలవులో ఉన్నట్టే అనిపించింది. నాలుగో రోజు అది ప్రింటు తీయించి ఓడిల్ చేతికిచ్చాడు.

ఓడిల్ కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషు తెలిసిన మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, తొమ్మిది పేజీలూ చదివించుకుంది. చివరికొచ్చేసరికి ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

మేనకోడలు చెప్పింది: "నలభై ఏళ్ళుగా ఎంతోమంది వచ్చి ఉండి వెళ్ళారట. ఈ ఇంటిని ఇంత ప్రేమగా, ఇంత దగ్గరగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరట. దీన్ని ఫ్రేమ్ కట్టించుకుంటుందట."

"ఫ్రేమ్ కాదు, ఫిక్స్ చెయ్యమనండి" అన్నాడు వేణుమాధవ్.

ఓడిల్ ఆయన రెండు బుగ్గలకీ ముద్దుపెట్టింది. సాయంత్రానికి మొదటి పేజీ రిసెప్షన్ గోడకి ఎక్కింది. కీచుమనే తలుపు కీచుమంటూనే ఉంది.

ఆరో రోజు పొద్దున ఆయన బట్టలు సర్దుతున్నాడు. రజిని కిటికీ దగ్గర కుర్చీలో ఉంది.

"నా బట్టలు పెట్టకండి" అంది.

"ఏం?"

"నేను రావడం లేదు. ఇంకో పది రోజులుంటాను. ఓడిల్‌తో మాట్లాడా, గది ఖాళీయేనట. టికెట్ నైనిక మార్చింది."

ఆయనకి ముందుగా వచ్చిన అనుమానం: "ఓడిల్‌తో ఏ భాషలో మాట్లాడావ్?"

"నేను తెలుగులో, ఆవిడ ఫ్రెంచిలో."

"మరి నీ ఆఫీసు?"

"లీవు పెట్టా. బోలెడంత ఉండిపోయింది, ఎప్పుడూ వాడలేదుగా."

వేణుమాధవ్ మంచం మీద చతికిలబడ్డాడు. గొంతు తగ్గించి అడిగాడు. "నామీద కోపమా?"

"లేదండీ. కోపముంటే ఇంటికొచ్చి చూపించేదాన్నిగా."

"ఒక్కదానివీ ఇక్కడుండి ఏం చేస్తావ్?"

"అదే. ఏమీ చెయ్యను."

ఆయన తన బట్టలు మాత్రం పెట్టి జిప్పు లాగాడు. సూట్‌కేస్ లిఫ్టులో దిగింది. ఆయన మెట్లు దిగాడు.

డెట్రాయిట్‌లో దిగేదాకా ఆయనకి బాధే లేదు. దిగాక మొదటి ఫోన్ వచ్చింది. ఉమామహేశ్వరరావు గారి భార్య విజయశ్రీ.

"వచ్చేశారా అన్నయ్యగారూ? రజినికి ఫోనివ్వండి."

"రజిని... రాలేదమ్మా."

"రాలేదా!"

భార్య తనంతట తనే, ఊరికే, ఆగిపోయిందని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. చెబితే ఎవరు నమ్ముతారు? నమ్మితే ఇంకా ప్రమాదం. "పాస్‌పోర్ట్ చిన్న ప్రాబ్లెమ్" అనేశాడు. సాయంత్రం పక్కవీధి కిరణ్‌కుమార్ అడిగాడు. పాస్‌పోర్టంటే లోతుగా ప్రశ్నలేస్తాడని, "కాలు కాస్త బెణికింది, డాక్టరు రెస్ట్ అన్నాడు" అని చెప్పాడు.

ఆ రెండు అబద్ధాలూ విడివిడిగా ఉన్నంతసేపు బుద్ధిగానే ఉన్నాయి. మర్నాడు విజయశ్రీ, కిరణ్‌కుమార్ ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర కలుసుకున్నారు. అక్కడ రెండూ ఒకటైపోయాయి. బుధవారానికల్లా ఊళ్ళో తెలిసిన సంగతి ఇది: మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఇద్దరు దొంగలు రజిని హ్యాండ్‌బ్యాగ్ లాక్కుపోయారు. పాస్‌పోర్ట్ అందులోనే ఉంది. వాళ్ళ వెంట పరిగెత్తి ఆవిడ కాలు విరగ్గొట్టుకుంది. ఈయనేమో భార్యని గవర్నమెంటు ఆసుపత్రిలో వదిలేసి, ఆఫీసులో ఆడిట్ ఉందని వచ్చేశాడు.

ఇంటి ముందు సాంబారు గిన్నెలు వెలిశాయి. గిన్నె ఇచ్చిన ప్రతివాళ్ళూ ఆయన ముఖంలోకి ఒక చూపు చూసి వెళ్ళేవారు. జాలి గిన్నెకి, ఛీత్కారం మనిషికి.

గురువారం ఉమామహేశ్వరరావు గారు వాట్సాప్‌లో "సేఫ్ రిటర్న్ రజిని" అని గ్రూపు పెట్టారు. గంటలో నూట నలభై మంది చేరారు. ఎడిసన్ నుంచి ఒకాయన లాయర్ నంబరిచ్చాడు. శాంటా క్లారా నుంచి ఒకావిడ ఎముకలు అతకడానికి నల్లేరు పచ్చడి ఎలా చెయ్యాలో ఆడియో పంపింది. మన ఎంపీ లాంటి కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి ఈమెయిల్ ముసాయిదా తయారైంది. అందులో రజినిని "మన సమాజానికి మూలస్తంభం" అన్నారు. ఆవిడ పూర్తి పేరు మాత్రం ఎవరికీ తెలియక అక్కడ చుక్కలు పెట్టారు.

వేణుమాధవ్ చికాగోకి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు. నైనిక నవ్వి నవ్వి, ఊపిరి తీసుకుని, "జస్ట్ ట్రూత్ చెప్పు నాన్నా" అంది.

"ట్రూతే కదమ్మా కష్టం."

శనివారం మధ్యాహ్నం ఉమామహేశ్వరరావు గారి బేస్‌మెంట్‌లో అర్జంటు మీటింగ్. పాతికమంది వచ్చారు. సమోసాలు, టీ. గోడంత టీవీలో కాంగ్రెస్‌మన్‌కి రాసిన ఉత్తరం. పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

"మనలో ఒక ఆడపడుచు పరాయి దేశంలో, కాలు విరిగి, పాస్‌పోర్ట్ పోయి, దిక్కులేక..."

"రావు గారూ," వేణుమాధవ్ లేచాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. "ఆవిడ కాలు బాగానే ఉంది."

"ధైర్యంగా ఉండాలయ్యా."

"పాస్‌పోర్ట్ కూడా ఉంది."

గదిలో సమోసా నమలడం ఆగింది.

"మరి?"

"తనకి అక్కడ బావుంది. అందుకని ఉంది."

"నువ్వు లేకుండానా?"

"నేను లేకుండానే."

కాలు విరగడాన్ని తట్టుకున్న సమాజం దీన్ని తట్టుకోలేకపోయింది. "షాక్‌లో ఏదేదో మాట్లాడుతున్నాడు, మంచినీళ్ళివ్వండి" అని ఎవరో అన్నారు. విజయశ్రీ ఇక ఆగలేక తన ఫోన్ టీవీకి కలిపి రజినికి వీడియో కాల్ చేసింది.

నాలుగు రింగులకి రజిని గోడ మీద ప్రత్యక్షమైంది. అక్కడ సాయంత్రం, ఇంకా ఎండ ఉంది. జుట్టు తడిగా ఉంది. చేతిలో సగం కొరికిన అంజూర పండు. వెనక ఓడిల్ ఎవరితోనో పేకాడుతోంది.

"అందరూ ఉన్నారే!" అంది రజిని పండు నములుతూ. "ఏంటి వదినా, ఎవరిదైనా బర్త్‌డేనా?"

ఉమామహేశ్వరరావు గారు టీవీ ముందుకొచ్చారు. "చెల్లెమ్మా, నీ కాలు..."

రజిని ఫోన్ కిందికి వంచి పాదాలు చూపించింది. ఎండకి నల్లబడ్డాయి. చెప్పుల గుర్తులున్నాయి. గోడంత టీవీ మీద ఆ రెండు పాదాలు ఒక్కోటి మూడడుగుల పొడవున తాపీగా కదిలాయి. పాతికమందీ వాటినే చూస్తూ కూర్చున్నారు.

"మేమింకా కాంగ్రెస్‌మన్‌కి..." అని పెద్దాయన మొదలెట్టారు గానీ, విజయశ్రీ మొగుణ్ణి పక్కకి జరిపి టీవీకి దగ్గరగా వెళ్ళింది.

"రజినీ, అక్కడ వంటెవరు చేస్తారే?"

"ఎవరో చేస్తారు వదినా."

"గిన్నెలు?"

"ఎవరో తోముతారు."

విజయశ్రీ వెనక్కి తిరిగి గదంతా ఒకసారి చూసింది. టీ పోస్తున్న ఆడవాళ్ళు పోయడం ఆపారు. "హోటల్ పేరు చెప్పు" అంది ఆవిడ. రజిని చెప్పింది. బేస్‌మెంట్‌లో ఏడెనిమిది ఫోన్లు ఒక్కసారి వెలిగాయి. పేరు ఎలా రాయాలో తెలియక మళ్ళీ చెప్పించుకున్నారు.

ఆ రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులోంచి మగవాళ్ళందర్నీ తీసేశారు. గ్రూపు పేరు కూడా మారిందని విన్నారు గానీ, ఏమని మారిందో ఎవరి భార్యా చెప్పలేదు. సాంబారు గిన్నెలు ఆగిపోయాయి. ఉమామహేశ్వరరావు గారు పదిరోజుల పాటు వేణుమాధవ్ ఫోన్ ఎత్తలేదు. కాలు విరగనందుకు కాదట, ముందే చెప్పనందుకట.

చెప్పిన రోజునే రజిని తిరిగొచ్చింది. వేణుమాధవ్ గంట ముందే ఎయిర్‌పోర్టుకి వెళ్ళి నిలబడ్డాడు. బయటికొచ్చే ప్రతి గుంపులోకీ తొంగిచూశాడు. చివరికి ఆవిడ కనిపించింది. నల్లబడింది, ఒళ్ళు కాస్త తేరుకుంది, నడక నింపాదిగా ఉంది. ఇన్ని రోజులు తను తయారుచేసుకున్న మాటలన్నీ, నిలదియ్యాల్సినవీ, బతిమాలుకోవాల్సినవీ, పక్కన పెట్టి సూట్‌కేస్ అందుకున్నాడు.

"బోరు కొట్టలేదా?" అని మాత్రం అడిగాడు.

"మొదటి రెండు రోజులు కొట్టింది" అంది రజిని. "తర్వాత దానికే విసుగొచ్చి వెళ్ళిపోయింది."

కారెక్కాక బెల్టు పెట్టుకుంటూ, "ఆకలేస్తోందండీ. ఇంట్లో ఏం వండారు?" అంది.

ఆ ప్రశ్న తన కారులో, ఆ సీటు వైపు నుంచి వినపడటం ఆయనకి అదే మొదటిసారి.

"వండలేదు" అన్నాడు.

"అయితే వండండి" అని, సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది.

ఇంటికి అరగంట దారి. ఆ అరగంటా వేణుమాధవ్ గ్లాసు రవ్వకి ఎన్ని గ్లాసుల నీళ్ళు పొయ్యాలో ఆలోచిస్తూనే డ్రైవ్ చేశాడు. రెండా, రెండున్నరా? రెండుసార్లు ఆవిడవైపు తిరిగాడు. లేపి అడగబుద్ధి కాలేదు.